జైలు నుంచి బయటికొచ్చిన ఆడమనిషికి తోడు నిలబడటం ఎలా: గేటు దగ్గర్నుంచి మొదలుపెట్టి

మగవాడు జైలు నుంచి విడుదలైతే గేటు దగ్గర పెళ్ళామో తల్లో తమ్ముడో ఎవరో ఒకళ్ళు ఆటో మాట్లాడుకుని నిలబడి ఉంటారు, అదే ఆడమనిషి విడుదలైతే చాలాసార్లు గేటు బయట ఎవ్వరూ ఉండరు. కొన్నేళ్ళుగా పారా లీగల్ వాలంటీర్‌గా, అంటే న్యాయ సాయం కావాల్సినవాళ్ళకి దారి చూపే మనిషిగా తిరుగుతూ నేను కళ్ళారా చూసింది ఇదే. అరెస్టయిన కొత్తలో ములాఖత్‌కి వచ్చినవాళ్ళు మూడో నెలకి తగ్గిపోతారు, ఏడాది తిరిగేసరికి తల్లి ఒక్కతే వస్తుంది, ఆవిడ కూడా ముసలావిడైతే బస్సు చార్జీలకి లేక మానేస్తుంది.

2022 చివరికి దేశం మొత్తం మీద జైళ్ళలో 23,772 మంది ఆడవాళ్ళు ఉన్నారని ప్రభుత్వ లెక్క, అంటే మొత్తం ఖైదీల్లో నూటికి నలుగురు. ఆడా మగా కలిపి చూస్తే లోపలున్న ప్రతి నలుగురిలో ముగ్గురికి అసలు శిక్షే పడలేదు, కేసు నడుస్తూ ఉంది అంతే. మన దగ్గర రాజమండ్రి, కడప, హైదరాబాద్ చంచల్‌గూడల్లో ఆడవాళ్ళకి విడిగా జైళ్ళున్నాయి, మిగతాచోట్ల మగవాళ్ళ జైల్లోనే ఒక పక్కన బ్యారక్ ఉంటుంది. దొంగతనం, నాటుసారా, గంజాయి మోసిన కేసులు, కోడలి కేసులో అత్తగారు, మొగుడి చావు కేసు, చీటీల గొడవ, ఇలా ఒక్కొక్కళ్ళది ఒక్కో కథ. ఇది ఆ కథల్లో తప్పొప్పులు తేల్చడానికి రాయట్లేదు. మీ అక్కో, మీ వీధిలో ఆవిడో, మీ డ్వాక్రా గ్రూప్‌లో మెంబరో బయటికొస్తుంటే మీరు ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి అన్నదే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఒకావిడని విడుదలైన రోజు రాత్రి మా ఇంటికి తీసుకొచ్చాను. స్నానం చేయమని టవలిస్తే బాత్రూం ముందు అలాగే నిలబడిపోయింది, రెండు నిమిషాలయ్యాక "మేడమ్, వెళ్ళనా" అని అడిగింది. వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుంది గానీ గడియ పెట్టుకోలేదు. రెండేళ్ళుగా లోపల్నుంచి గడియ పెట్టుకునే తలుపే లేదు ఆవిడకి. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు తినాలి, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలి అన్నీ వేరేవాళ్ళే చెప్పారు. ఇప్పుడు బయటికొచ్చాక కూడా పాపం అమాయకురాలు అనుకుంటూ ప్రతిదీ మనమే డిసైడ్ చేసేస్తే ఆవిడకి తేడా ఏముంటుంది చెప్పండి. అందుకే కింద రాసిన ప్రతి పనిలోనూ ముందు ఆవిడని అడగండి, ఆవిడ ఆలోచించుకునేదాకా ఆగండి.

మొదటి పని: విడుదలకి ముందే ములాఖత్‌కి వెళ్ళడం

బెయిల్ వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. ముందే ఒకటి రెండుసార్లు వెళ్ళి కలిసి, బయటికొచ్చాక ఎక్కడికి వెళ్దామనుకుంటున్నావు అక్కా అని అడగండి. "ఇంటికే" అంటారు అందరూ. ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో, మొగుడు ఇంకొకామెని తెచ్చుకున్నాడో, అద్దిల్లయితే సామాను ఎవరింట్లో పడి ఉందో మీరు వెళ్ళి చూసి రండి, చూసింది ఉన్నదున్నట్టు చెప్పండి. తీపి కబుర్లు చెప్తే గేటు బయట గుండె పగిలేది ఆవిడకే.

లాయర్ లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్ళండి, జిల్లా కోర్టు కాంప్లెక్స్‌లోనే ఆఫీస్ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా సరే. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. ఫీజు అడిగితే ఇవ్వక్కర్లేదు.

ఇక్కడ చాలామంది చిక్కుకుపోయేది జామీను దగ్గర. బెయిల్ వచ్చింది, ఇద్దరు జామీనుదారులు కావాలన్నారు, ఆవిడ కోసం సంతకం పెట్టేవాడు ఒక్కడూ దొరకలేదు, ఆర్డర్ చేతిలో ఉండి కూడా నెలలు లోపలే ఉండిపోతారు. దీనికి దారి ఉంది. బెయిల్ వచ్చిన 7 రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీకి తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, నెల దాటినా జామీను కట్టలేకపోతే షరతులు తగ్గించే విషయం కోర్టే తనంతట తాను చూడొచ్చని కూడా చెప్పింది. అదే ఏడాది కేంద్ర హోంశాఖ పేద ఖైదీల కోసం ఒక స్కీం పెట్టింది, మొదలైనప్పుడు బెయిల్ డబ్బుకి 40,000 దాకా, శిక్ష పడినవాళ్ళ జరిమానాకి 25,000 దాకా సాయం పెట్టారు. ఇది అడిగినవాళ్ళకే కదులుతుంది, కాబట్టి రాతపూర్వకంగా అప్లికేషన్ పెట్టించండి. ఇంకోటి, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్)లో 479 సెక్షన్ ఉంది, అంతకుముందు ఎప్పుడూ శిక్ష పడనివాళ్ళు ఆ నేరానికున్న గరిష్ట శిక్షలో మూడోవంతు కాలం లోపల గడిపేస్తే బెయిల్ మీద వదలాలి, ఉరీ యావజ్జీవం పడే నేరాలకి ఇది రాదు, ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తున్నా రాదు. ఎన్ని రోజులైందో వేళ్ళ మీద లెక్క పెట్టి లాయర్‌కి గుర్తు చేయండి.

జైలు నుంచి తెచ్చుకోవాల్సిన కాగితాలు కూడా అప్పుడే చెప్పి పెట్టండి: విడుదల సర్టిఫికెట్, ఆసుపత్రి చీటీలు, లోపల పని చేసి ఉంటే కూలి డబ్బుల లెక్క, కుట్టు గానీ ఇంకేదైనా గానీ నేర్చుకుని ఉంటే ఆ సర్టిఫికెట్, లోపలికి వెళ్ళేటప్పుడు తీసి పెట్టుకున్న పుస్తెలు, చెవి పోగులు, ఫోన్.

గేటు దగ్గర, ఆ రోజు

ఆర్డర్ కోర్టు నుంచి జైలుకి చేరి, కాగితాలన్నీ చూసి వదిలేసరికి చాలాసార్లు చీకటి పడుతుంది. చంకలో ఒక నైలాన్ సంచి, ఒంటి మీద ఒక చీర, చేతిలో వందో రెండొందలో. రాత్రి ఎనిమిదికి బస్టాండ్‌లో ఆ వాలకంతో ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి దగ్గరికి ఎలాంటివాళ్ళు వచ్చి మాట కలుపుతారో నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఇంకేం చేసినా చేయకపోయినా ఆ గేటు దగ్గర మాత్రం ఒక మనిషి ఉండాలి. వెళ్ళేటప్పుడు ఒక జత బట్టలు, చెప్పులు, లోదుస్తులు, ప్యాడ్స్, నీళ్ళ సీసా, తినడానికి ఏదన్నా పట్టుకెళ్ళండి. చెప్పులు మర్చిపోవద్దు.

ఆటో ఎక్కగానే ప్రశ్నలు మొదలుపెట్టకండి. టీ తాగుదామా అనండి, ఫోన్ ఇచ్చి ఎవరికైనా మాట్లాడతావా అనండి. చాలామంది మొదట చేసేది పిల్లలకే, అవతల ఎత్తకపోతే ఆ మొహం చూడలేం, అయినా ఆ ఫోన్ ఆవిడే చేయాలి. ఆ రాత్రి అత్తారింటికి నేరుగా తీసుకెళ్ళే ముందు ఒక్కసారి ఆలోచించండి, అవతలివాళ్ళకి ముందే కబురు చెప్పి సరే అన్నాకే వెళ్ళండి. చీకట్లో వీధంతా బయటికొచ్చి చూస్తుండగా గుమ్మంలో గొడవ జరిగితే అది మళ్ళీ ఏళ్ళ తరబడి మానదు.

మొదటి వారం: వాయిదా డేటు

ఇల్లు, పని, పిల్లలు అన్నీ ముఖ్యమే కానీ వీటన్నిటినీ ఒక్క దెబ్బతో కూల్చేసేది వాయిదా తప్పడం. బెయిల్ మీద బయటికొచ్చిన మనిషి వాయిదాకి వెళ్ళకపోతే నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తుంది, మళ్ళీ లోపలికే, ఈసారి బెయిల్ ఇంకా కష్టం, పైగా జామీను ఇచ్చినవాళ్ళ మీద పడుతుంది. కావాలని ఎగ్గొట్టేవాళ్ళు తక్కువ, డేటు తెలియక, చార్జీలు లేక, కూలి పోతుందని భయపడి తప్పినవాళ్ళే ఎక్కువ.

బెయిల్ ఆర్డర్ జిరాక్స్ తీసి షరతులు తెలుగులో ఆవిడకి చదివి వినిపించండి. ఏ రోజు ఏ స్టేషన్‌లో సంతకం, ఊరు దాటి వెళ్ళొచ్చా లేదా, సాక్షులతో మాట్లాడకూడదు అని ఉందా. సాక్షి పక్కింటావిడే అయినప్పుడు ఇది నిజంగా ఇబ్బంది, లాయర్‌ని అడగాలి. కేసుకి 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబర్ ఉంటుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా కనిపిస్తుంది, కానీ యాప్‌లో ఉంది కదా అని ఊరుకోకండి, గోడ మీద క్యాలెండర్‌లో ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టించండి, ఆవిడ చేతే. చదువు రానివాళ్ళకి ఆ ఎర్ర గుండ్రమే ఆసరా. మొదటి రెండు మూడు వాయిదాలకి మీరు కూడా వెళ్ళండి. జ్వరమొచ్చో ఎవరన్నా పోయో వెళ్ళలేకపోతే ఆ పొద్దున్నే లాయర్‌కి ఫోన్ చేసి పిటిషన్ వేయించాలని ముందే నేర్పండి.

తలదాచుకునే చోటు

ఇంట్లోవాళ్ళు రానిస్తే మంచిదే. రానివ్వకపోతే, మొగుడూ అత్తామామలూ కలిసి ఉన్న ఇంట్లో ఉండే హక్కు 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ కింద ఆడమనిషికి ఉంది, ఇల్లు ఆవిడ పేరు మీద లేకపోయినా సరే. జైలుకి వెళ్ళొచ్చింది కాబట్టి ఆ హక్కు పోయిందని ఎక్కడా లేదు. కానీ హక్కు ఉండటం వేరు, ఆ ఇంట్లో రాత్రి నిద్రపట్టడం వేరు. కొట్టే ఇంటికి చట్టం చూపించి తోయకండి.

వేరే చోటు కావాలంటే 181కి ఫోన్ చేయండి, జిల్లాలో ఉండే సఖి సెంటర్‌లో కొన్నాళ్ళు ఉండనిస్తారు, ఎక్కువ కాలానికి శక్తి సదన్‌లు ఉన్నాయి, ఇంతకుముందు స్వధార్ గృహ్ అనేవాళ్ళు వీటినే. వెళ్ళే ముందు మీరొకసారి చూసి రండి, బయటికి పనికి వెళ్ళనిస్తారా, పిల్లాడిని ఎన్నేళ్ళ దాకా ఉంచుకోనిస్తారు, సాయంత్రం ఎన్నింటికి గేటు వేస్తారు. ఆ మూడో ప్రశ్న ఆవిడే అడుగుతుంది చూడండి. అద్దెకి గది చూస్తుంటే ఓనర్‌కి అబద్ధం చెప్పమని నేను చెప్పను, అలాగని కేసు కథంతా చెప్పాల్సిన పనీ లేదు, మీరు తెలిసినవాళ్ళుగా ముందు నిలబడితే చాలావరకు సరిపోతుంది.

పిల్లలు

దీని గురించి కొంచెం ఎక్కువే రాయాలి, ఎందుకంటే ఆవిడ లోపల ఉన్నన్నాళ్ళూ తలుచుకున్నది వీళ్ళనే.

ఆరేళ్ళ లోపు పిల్లల్ని తల్లితో పాటు జైల్లో ఉండనిస్తారు. దీని మీద 2006లో సుప్రీంకోర్టు పాలు, తిండి, ఆట, చదువు అన్నీ ఎలా ఉండాలో వివరంగా తీర్పు ఇచ్చింది, ఆ కేసు పేరులో ఉన్నది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. అలా లోపల పెరిగిన పిల్ల బయటికొస్తే ఎలా ఉంటుందో తెలుసా? నేను చూసిన నాలుగేళ్ళ పాప ఆటో హారన్‌కి ఉలిక్కిపడి తల్లి కొంగులో దూరిపోయింది, గేదెని చూసి పేరు తెలియక "అదెవరు" అని అడిగింది, మగవాళ్ళు దగ్గరికొస్తే ఏడ్చేసింది. సాయంత్రం ఆరవగానే తనంతట తనే వెళ్ళి గోడ వారన కూర్చుంది, ఖైదీల్ని లెక్క పెట్టే టైమ్ అనుకుని. ఇలాంటి బిడ్డని తెల్లారగానే అంగన్‌వాడీలో వదిలేసి రావొద్దు, వారం పది రోజులు తల్లి కూడా వెళ్ళి పక్కన కూర్చోవాలి, అంగన్‌వాడీ టీచర్‌కి చెవిలో చెప్పి ఉంచాలి.

బయట పెరిగిన పిల్లల సంగతి ఇంకో రకం. అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో హాస్టల్లోనో ఉంటారు, మీ అమ్మ దుబాయ్ వెళ్ళిందని చెప్పి ఉంటారు. వచ్చాక ఆ అబద్ధాన్ని ఎవరు ఎలా విప్పాలన్నది తల్లికి వదిలేయండి, కానీ బడిలో ఇంకో పిల్లాడి నోట్లోంచి వినకముందే అమ్మే చెప్తే మంచిదని మాత్రం చెప్పండి. పెద్దపిల్ల "ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళావ్, ఇప్పుడెందుకొచ్చావ్" అంటుంది, తప్పకుండా అంటుంది. పిన్నినే అమ్మా అని పిలిచే చిన్నాడు తల్లి దగ్గరికి రాడు. వెంటనే పిల్లల్ని తెచ్చేసుకుందామని తల్లికి ఉంటుంది, అప్పుడు తొందరపడకుండా ముందు ఆదివారాలు వెళ్ళి కలవడం, తర్వాత ఒక రాత్రి ఉంచుకోవడం, బడి సెలవుల్లో కొన్నాళ్ళు, అలా వెళ్తే నిలుస్తుంది. ఇన్నాళ్ళూ సాకినావిడ మనసు కూడా చూసుకోవాలి, ఆవిడకి ఒక చీర పెట్టి చెయ్యి పట్టుకుని "నా పిల్లల్ని కాపాడావు" అని చెప్పిన తల్లిని చూశాను, ఆ ఒక్కదానితో రెండిళ్ళ మధ్య గొడవ తీరిపోయింది.

పిల్లలు హోమ్‌లో ఉంటే జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు అప్లికేషన్ పెట్టుకోవాలి, వాళ్ళు ఇంటికొచ్చి చూశాకే అప్పగిస్తారు. ఇబ్బందుల్లో ఉన్న పిల్లలకి మిషన్ వాత్సల్య కింద నెలకి 4,000 స్పాన్సర్‌షిప్ ఉంది, జిల్లా బాలల రక్షణ విభాగంలో అడగండి, అర్హత వాళ్ళే చూస్తారు. అర్జంటైతే 1098.

ఆధార్, సిమ్, బ్యాంకు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ రెండు నెలలు తినేస్తుంది. మూణ్ణెల్లకి పైగా వాడని ప్రీపెయిడ్ సిమ్ కట్ అయిపోతుంది, ఆ నంబర్ తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తారు, ఆధార్‌కి ఉన్నది ఆ పాత నంబరే, ఓటీపీ ఎవరికో పోతుంది, ఇక ఏ పనీ జరగదు. కాబట్టి వరస ఇది: కొత్త సిమ్ ఆవిడ పేరు మీద, తర్వాత ఆధార్ సెంటర్‌కి వెళ్ళి వేలిముద్రలిచ్చి నంబర్ మార్పించడం, ఆ తర్వాత రేషన్ కార్డు ఈకేవైసీ, బ్యాంకు. రెండేళ్ళు లావాదేవీ లేని అకౌంట్ పనిచేయకుండా ఆగిపోతుంది, డబ్బు ఎక్కడికీ పోదు, కేవైసీ కాగితాలిచ్చి తిరిగి తెరిపించుకోవచ్చు. పింఛను వచ్చేదైతే సచివాలయంలో, తెలంగాణలో అయితే ఎంపీడీవో ఆఫీస్‌లో కనుక్కోండి. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టి ఆవిడ దగ్గరే ఉంచండి, మీ ఇంట్లో కాదు.

పని, అప్పులు, పాత పరిచయాలు

అందరికీ కుట్టుమిషన్ కొనిచ్చేసి చేతులు దులుపుకునే అలవాటొకటి ఉంది మనకి. కుట్టు ఇష్టంలేని మనిషికి మిషన్ ఇస్తే ఆర్నెల్లలో అమ్మేస్తుంది, తప్పు ఆవిడది కాదు. ముందు ఏం చేసేదానివి అని అడగండి. చేపలమ్మిందా, ఇడ్లీ బండి పెట్టిందా, వరినాట్లకి వెళ్ళిందా, ఇళ్ళల్లో పనా. ఇళ్ళల్లో పని మళ్ళీ దొరకడం దొంగతనం కేసున్నవాళ్ళకి చాలా కష్టం, అలాంటప్పుడు క్యాటరింగ్ వంటలు, నర్సరీ, జీడిపప్పు ఫ్యాక్టరీ లాంటి నలుగురితో కలిసి చేసే పనులు చూడండి. తెలంగాణ జైళ్ళ శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్ళకి కూడా పనిచ్చారు, చంచల్‌గూడ నుంచి వచ్చేవాళ్ళయితే విడుదలకి ముందే లోపలి వెల్ఫేర్ ఆఫీసర్‌ని అడగొచ్చు.

డ్వాక్రా గ్రూప్‌లోకి మళ్ళీ చేర్చడం వీటన్నిటికంటే ముఖ్యమని నా గట్టి నమ్మకం. డబ్బు కోసం మాత్రమే కాదు, నెలకోసారి పదిమంది ఆడవాళ్ళ మధ్య చాప మీద కూర్చుని సంతకం పెట్టే హోదా అది. అడ్డొచ్చేది పాత బాకీ. ఆవిడ లోపలుండగా ఆవిడ వాయిదాలు మిగతావాళ్ళు కట్టుకుని ఉంటారు, వాళ్ళ కోపంలో న్యాయం ఉంది. ముందు మీరు లీడర్‌తో మాట్లాడి, తర్వాత ఆవిడే మీటింగ్‌లో నిలబడి నెలకి ఇంత చొప్పున తీర్చేస్తానని చెప్పేలా చూడండి, ఐదొందలైనా సరే, చెప్పిన డేటుకి కట్టాలి. మైక్రోఫైనాన్స్ అప్పులుంటే స్టేట్‌మెంట్ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, నోటి లెక్క నమ్మొద్దు.

ఇక సారా, గంజాయి కేసులవాళ్ళ దగ్గర ఒక ప్రమాదం ఉంది. ఆవిడ బయటికొచ్చిన నాలుగో రోజే అంతకుముందు సరుకు మోయించినవాడు వస్తాడు, "లాయర్ ఫీజు నేనే కట్టాను కదా, ఒక్క ట్రిప్ వెళ్ళిరా" అంటాడు, చేతిలో ఐదువేలు పెడతాడు. ఏజెన్సీ నుంచి సంచి మోసి పట్టుబడేది ఈవిడ, ఆ సంచి సొంతదారు ఎప్పుడూ పట్టుబడడు. గంజాయి ఎక్కువ మొత్తంలో దొరికితే మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ వల్ల బెయిలే చాలా కష్టం, రెండోసారి శిక్ష పడితే ఇంకా పెద్దది. నీతులు చెప్పి లాభం లేదు, ఆ నెల బియ్యం, అద్దె ఎలా గడుస్తాయో ముందే చూడాలి. ఇంట్లో బియ్యం ఉన్న మనిషికి వద్దని చెప్పే బలం వస్తుంది.

పెద్ద ఉద్యోగాల ఫారాల్లో కేసులున్నాయా అని అడిగితే నిజమే రాయించండి, దాచితే దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. గల్ఫ్ వెళ్దామనుకునేవాళ్ళకి కేసు నడుస్తుంటే కోర్టు అనుమతి లేకుండా పాస్‌పోర్ట్ దొరకడం కష్టం, ఏజెంటు ఏం చెప్పినా డబ్బు కట్టొద్దు. శిక్షకి బదులు ప్రొబేషన్ మీద, అంటే మంచి నడవడికతో ఉండాలన్న షరతు మీద వదిలినవాళ్ళయితే 1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ చూడమని లాయర్‌కి చెప్పండి, శిక్ష వల్ల వచ్చే అనర్హతలు వాళ్ళకి అంటవు.

ఒళ్ళూ మనసూ

రక్తం, టీబీ పరీక్షలు చేయించండి, లోపల వాడుతున్న మందులు ఒక్కరోజు కూడా ఆగకుండా పీహెచ్‌సీలో రాయించండి. నిద్ర పట్టదు. బ్యారక్‌లో రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి చీకట్లో భయం, కొన్నాళ్ళు లైటు వేసుకోనివ్వండి, కరెంటు బిల్లు గురించి మాట్లాడొద్దు. తిండి దాచుకోవడం, ఎవరన్నా గట్టిగా పిలిస్తే లేచి నిలబడటం, ఏమీ లేకుండానే ఏడవడం మామూలే. చచ్చిపోవాలనుంది లాంటి మాటలొస్తే తేలిగ్గా తీసుకోకండి, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు, ఆ రాత్రి మాత్రం ఒంటరిగా ఉంచొద్దు.

ఊరి నోరు, స్టేషన్ పిలుపు

అడిగినవాళ్ళకి చెప్పడానికి ఒక్క వాక్యం ముందే అనుకుని పెట్టుకోమనండి. "కేసు కోర్టులో ఉందండి, లాయర్ చూసుకుంటున్నారు." అంతే. తర్వాత మాట మార్చేయాలి. బెయిల్ మీద వచ్చిన మనిషి నేరస్తురాలు కాదు, నేరం ఇంకా రుజువు కాలేదు, ఇది ఊళ్ళో పదిమందికి మీరు చెప్పాలి, ఆవిడ చెప్తే ఎవరూ వినరు.

ఊళ్ళో ఏ దొంగతనం జరిగినా మళ్ళీ ఈవిడనే పిలవడం కూడా జరుగుతుంది, ముఖ్యంగా ఎరుకల కుటుంబాల ఆడవాళ్ళకి. పుట్టుకతోనే దొంగలని ముద్రేసిన బ్రిటిష్ చట్టాన్ని 1952లోనే ఎత్తేశారు, ముద్ర మాత్రం ఇంకా పోలేదు. సాక్షిగా విచారించాలంటే ఆడమనిషిని స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటి దగ్గరే అడగాలి, బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 179వ సెక్షన్. అనుమానితురాలిగా పిలిస్తే రాతపూర్వకంగా నోటీసు అడగండి, ఒంటరిగా పంపకండి, వెళ్ళే ముందు లాయర్‌కి ఫోన్ చేయండి. గొంతు పెంచక్కర్లేదు, "నోటీసు ఇప్పించండి సార్, తప్పకుండా వస్తాం" అంటే సరిపోతుంది.

కేసు అయిపోయాక

కొట్టేశారని సంబరంలో ఇంటికొచ్చేయకండి. తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి, మూడు జిరాక్స్‌లు తీసి అసలుది ఫోల్డర్‌లో పెట్టుకోమనండి, ఏ పోలీస్ వెరిఫికేషన్‌కైనా అదే కావాలి. స్టేషన్‌లో గానీ కోర్టులో గానీ ఉండిపోయిన బంగారం, ఫోన్ వెనక్కి కావాలంటే పిటిషన్ వేయాలి. పై కోర్టుకి అప్పీల్ వెళ్తే హాజరవుతానని తీసుకునే పూచీకత్తు 6 నెలలు ఉంటుంది, ఆ ఆర్నెల్లూ ఫోన్ నంబర్, అడ్రస్ మారితే లాయర్‌కి చెప్పాలి.

ఆర్నెల్లు దాటాక ఒకసారి కోర్టుకి వెళ్ళి, జామీనుదారుల కాగితాలు ఏవైనా ఫైల్లో ఉండిపోయుంటే లాయర్ చేత మెమో వేయించి వెనక్కి తీసుకోండి. ఆ రోజు ఎవరూ నమ్మనప్పుడు పాసుపుస్తకం పట్టుకొచ్చి సంతకం పెట్టిన మనిషి ఒకరుంటారు కదా, వాళ్ళింటికి ఆ కాగితాలు మీరు పట్టుకెళ్ళకండి, ఆవిడనే వెళ్ళి ఇచ్చి రమ్మనండి.